చిన్న హెచ్‌డీ క్యామ్‌కార్డర్‌తో రెండు గంటల నాటకం: ఒక కేస్ స్టడీ

ఒక ఔత్సాహిక నాటక బృందం తమ రిహార్సల్స్‌నీ ప్రదర్శనల్నీ తామే రికార్డు చేసుకోవాలనుకుంది. ప్రతిసారీ వీడియోగ్రాఫర్‌ని పెట్టుకునే స్తోమత వాళ్లకు లేదు. కెమెరా దగ్గర కూర్చునేది ఆ రోజు వేషం లేని సభ్యుల్లో ఎవరో ఒకరు. వాళ్లూ మారుతుంటారు. నాటకం నిడివి రెండు గంటలు, మధ్యలో ఒక విరామం. వీడియోతో వాళ్లకు మూడు పనులున్నాయి: నటన ఎక్కడ తేలిపోతోందో దర్శకురాలు చూసుకోవడం, కొత్తగా వచ్చినవాళ్లకు పాత్ర నేర్పడం, ప్రదర్శనని దాచుకోవడం. టీవీలో వేసే ఉద్దేశం లేదు.

నన్ను పిలిచేసరికే కెమెరా కొనేశారు. అరచేతిలో ఇమిడిపోయే, తక్కువ ధర తరగతి ఫుల్ హెచ్‌డీ క్యామ్‌కార్డర్. మొదటి రికార్డింగ్ చూసి దర్శకురాలికి నీరసం వచ్చింది. ముఖాలు పౌడరు డబ్బాలో ముంచి తీసినట్టున్నాయి. మాటలు సగం వినపడవు. చీకటి సన్నివేశమంతా చుక్కలు చుక్కలు. "సార్, దీంతో పనవుతుందంటారా? లేకపోతే దీన్ని అమ్మేసి ఫోన్లతోనే కానిచ్చేద్దామా?" అని అడిగారు. ఈ రాతంతా ఆ ప్రశ్నకు జవాబు వెతికిన క్రమం.

మోడల్ పేరు రాయడం లేదు. ఈ తరగతిలో ఏ కంపెనీది తీసుకున్నా లోపలి సరుకు దాదాపు ఒకటే. ఒకదానిలో ఉన్న జాక్ ఇంకొకదానిలో ఉండదు, ఒకదానికి టచ్ స్క్రీన్ ఉంటే ఇంకొకదానికి మీట ఉంటుంది. అసలు గుణం మాత్రం మారదు.

డబ్బా మీద ఉన్నది, లోపల ఉన్నది

డబ్బా మీద పెద్ద అక్షరాలతో రెండు అంకెలుంటాయి. ఒకటి మెగాపిక్సెల్. తొమ్మిది పైచిలుకు అని రాసి ఉన్నా అది ఫొటోలకు, అదీ లెక్క కట్టి సాగదీసిన అంకె. ఈ కెమెరా సెన్సర్, అంటే వెలుతురుని బొమ్మగా మార్చే చిప్, వీడియోకి వాడుకునేది 23 లక్షల పిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీ ఫ్రేముకు 1920 ఇంటూ 1080, అంటే సుమారు 20.7 లక్షలు చాలు కాబట్టి ఇందులో మోసమేమీ లేదు, గొప్పా లేదు. రెండోది డిజిటల్ జూమ్, మూడు వందల యాభై రెట్లు. అది బొమ్మను కత్తిరించి పెద్దది చేయడమే. మెనూలో దాన్ని ఆపేయడం నేను చేసే మొదటి పని. ఆపకపోతే కొత్త ఆపరేటర్ జూమ్ మీట నొక్కుతూ పోయి ఆప్టికల్ హద్దు (లెన్స్ నిజంగా లాగగలిగిన మేర) ఎప్పుడు దాటాడో కూడా చూసుకోడు.

పట్టించుకోవలసిన అంకెలు లోపలి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటాయి. సెన్సర్ 1/5.8 అంగుళాల రకం. ఆ పేరుతో అంగుళాల లెక్క వేసుకుంటే పొరపాటు, దాని అసలు కర్ణం సుమారు 3 మిల్లీమీటర్లే. లెన్స్ ఆప్టికల్ జూమ్ 30 రెట్లు: 35 ఎంఎం ఫిల్మ్ కెమెరాతో పోల్చి చెప్పే లెక్కలో 26.8 నుంచి 804 మిల్లీమీటర్ల దాకా. అపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, జూమ్ లేని వైడ్‌లో ఎఫ్/1.8, జూమ్ చివర్లో ఎఫ్/4 (అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది). స్క్రీన్ 2.7 అంగుళాలు, 2.3 లక్షల చుక్కలు. మైక్ జాక్ లేదు, హెడ్‌ఫోన్ జాక్ లేదు. బరువు బ్యాటరీతో కలిపి రెండు వందల గ్రాముల చిల్లర.

ఈ కెమెరా మంచి చెడ్డలు రెండింటికీ మూలం ఆ 3 మిల్లీమీటర్ల సెన్సరే. సెన్సర్ అంత చిన్నది కాబట్టే 30 రెట్ల జూమ్ జేబులో పట్టే లెన్స్‌లో వచ్చింది. అసలు ఫోకల్ లెంగ్త్ 1.9 నుంచి 57 మిల్లీమీటర్లే మరి. పెద్ద సెన్సర్ కెమెరాకి అంత దూరం లాగే లెన్స్ పెట్టాలంటే భుజాన వేసుకుని మోయాలి. సెన్సర్ అంత చిన్నది కాబట్టే చీకటి పడగానే చేతులెత్తేస్తుంది. మొదటిది కావాలంటే రెండోదాన్ని భరించాల్సిందే.

ఫోన్‌తో పక్కపక్కన

అమ్మేయాలా వద్దా అని తేల్చాలంటే ఫోన్‌తో పోల్చి చూడాలి. ఒకే రిహార్సల్‌కి ఒకే చోట రెండూ పెట్టాం.

వైడ్ షాట్‌లో ఫోన్ గెలిచింది, బాగా తేడాతో. ఇప్పటి మంచి ఫోన్లలో ప్రధాన సెన్సర్ ఈ క్యామ్‌కార్డర్ దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది. పైగా వెలుతురు తేడాలని సర్దే లెక్కలు ఫోన్ లోపలే జరిగిపోతాయి. మసక వెలుతురులో ఫోన్ బొమ్మ శుభ్రంగా ఉంది. ఈ మాట దాచి క్యామ్‌కార్డర్‌ని పొగిడేవాళ్లను నమ్మకండి.

జూమ్ దగ్గర కథ మారింది. వేదికకి 15 మీటర్ల దూరంలో కెమెరా పెట్టాం. పది మీటర్ల వెడల్పు వేదిక మొత్తం కనపడాలంటే రెండు రెట్ల జూమ్ చాలు. ఇద్దరు నటులు నడుము వరకు కావాలంటే పది రెట్లు, అక్కడ ఫ్రేము వెడల్పు సుమారు రెండు మీటర్లు. చివరిదాకా లాగితే మూడు జానల వెడల్పు, అంటే ఒక్క ముఖం. దర్శకురాలికి కావలసింది ఆ ముఖమే, కళ్లలో ఏం జరుగుతోందో చూడాలి. ఫోన్ ఆ దూరం నుంచి ఇచ్చిన ముఖంలో కనుబొమలు ఏవో, నుదుటి గీతలు ఏవో విడదీయడం కష్టమైంది.

నిడివి దగ్గర కూడా అంతే. ఫోన్ వేడెక్కుతుంది, మధ్యలో కాల్ వస్తుంది, స్టోరేజీ నిండుతుంది. ఇవి అందరికీ తెలిసినవే. తెలియనిది ఇంకొకటుంది. చాలా ఫోన్లు ఫ్రేము రేటుని స్థిరంగా ఉంచవు. వెలుతురుని బట్టి, వేడిని బట్టి అది కాస్త అటూ ఇటూ అవుతుంది. పది నిమిషాల క్లిప్‌లో ఎవరికీ పట్టదు. గంట రికార్డింగ్‌ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేసి వేరే ధ్వని జోడిస్తే మాత్రం పెదవులూ మాటలూ విడిపోతాయి. క్యామ్‌కార్డర్ సెకనుకి 25 అంటే 25 ఫ్రేములే, 50 అంటే 50యే ఇస్తుంది, మొదటి నిమిషంలోనూ చివరి నిమిషంలోనూ.

కొన్నేళ్ల కిందటిదాకా చాలా స్టిల్ కెమెరాలకి ఉన్న 30 నిమిషాల హద్దు దీనికి లేదు. ఆ హద్దు వెనక ఐరోపా దిగుమతి సుంకాల లెక్క ఉంది. అరగంటకు మించి ఆగకుండా రికార్డు చేసేదాన్ని వీడియో కెమెరా కింద కట్టి ఎక్కువ సుంకం వేసేవారు, అందుకని తయారీదార్లు 29 నిమిషాల 59 సెకన్లకి ఆపేసేవారు. క్యామ్‌కార్డర్ పుట్టిందే వీడియో కెమెరాగా, దానికి ఆ బాధ లేదు.

అప్పుడే నాకు ఒక సంగతి స్పష్టమైంది. ఈ కెమెరా లోపాలు వెలుతురూ ధ్వనీ. ఆ రెండింటినీ కెమెరా బయట సరిచేసుకోవచ్చు. దీని బలాలు దూరం, నిడివి, స్థిరమైన ఫ్రేము రేటు. వాటిని ఫోన్‌కి బయటనుంచి తగిలించడం కుదరదు. అందుకే అమ్మొద్దన్నాను.

ముఖాలు ఎందుకు తెల్లబడ్డాయి

ఆటో ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తనంతట తానే వెలుతురు సర్దుకునే పద్ధతి, ఫ్రేము మొత్తానికి సగటు వెలుతురు చూస్తుంది. వేదిక మీద నల్ల తెర, మధ్యలో స్పాట్ కింద ఒక మనిషి. ఫ్రేములో ముప్పాతిక వంతు నలుపు. కెమెరా ఆ నలుపుని చూసి చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచుతుంది, ఉన్న ఒక్క ముఖమూ పాలిపోతుంది. ఒకసారి తెల్లబడ్డ చర్మంలో వివరాన్ని ఎడిటింగ్‌లో వెనక్కి తేలేం. నల్లబడితే కొంతవరకైనా లేపొచ్చు.

ఈ తరగతి కెమెరాల్లో షట్టర్, అపర్చర్ విడివిడిగా మన చేతిలో ఉండవు. అదొక పెద్ద వెలితే. కానీ మెనూలో వెతికితే మూడు ఆయుధాలు దొరికాయి. ఒకటి, సీన్ సెలక్షన్‌లో స్పాట్‌లైట్ మోడ్. సరిగ్గా ఈ సమస్య కోసమే పెట్టింది, ఎవరూ తెరిచి చూడరు. రెండు, ఎక్స్‌పోజర్‌ని మాన్యువల్‌కి మార్చి ఒక గీత దగ్గర బిగించడం. మూడు, తక్కువ వెలుతురు కోసమని ఉండే లో లక్స్ లాంటి మోడ్‌ని ఆపేయడం. అది ఆన్‌లో ఉంటే షట్టర్ నెమ్మదిస్తుంది, నటుడు చెయ్యి ఊపితే వెనకాల తోకలాగా మసక వస్తుంది.

స్పాట్‌లైట్ మోడ్‌తో మొదలుపెట్టి, వేదిక మీద అత్యంత ప్రకాశవంతమైన సన్నివేశంలో ముఖం చూసి ఎక్స్‌పోజర్ బిగించాం. మిగతా సన్నివేశాలు కాస్త నల్లగా వచ్చాయి. నాటకంలో మసక సన్నివేశం మసకగానే కనపడాలి కాబట్టి అది నాకు సమస్యగా అనిపించలేదు. ఆటోలో వదిలేస్తే ప్రతి సన్నివేశాన్నీ ఒకే వెలుతురుకి లాగేసి, లైటింగ్ చేసిన మనిషి పనంతా వృథా చేస్తుంది.

తెలుపు తెల్లగా కనపడేలా రంగులు సర్దే వైట్ బ్యాలెన్స్ కూడా ఇలాగే. ఆటోలో ఉంటే నీలి వెలుతురు సన్నివేశాన్ని తెల్లగా చేయడానికి తంటాలు పడుతుంది. ఇండోర్ ప్రీసెట్ పెట్టి వదిలేశాం.

ఇక చుక్కలు. జూమ్ చేసేకొద్దీ అపర్చర్ ఎఫ్/1.8 నుంచి ఎఫ్/4కి పడిపోతుంది, అంటే సెన్సర్ మీద పడే వెలుతురు సుమారు ఐదో వంతు. ఆ లోటు పూడ్చడానికి కెమెరా సిగ్నల్‌ని లోపల పెంచుతుంది, దాంతోపాటు నాయిస్ (ఈ చుక్కలే) పెరుగుతుంది. ఆ నాయిస్‌ని వీడియోని కుదించే కంప్రెషన్ మింగలేక బొమ్మ గళ్లుగళ్లుగా విడుతుంది. మొదటి రికార్డింగ్‌లో ఆపరేటర్ హాలు చివరి వరసలో కూర్చుని జూమ్ చివరిదాకా లాగాడు. కెమెరాని ముందుకి, హాలు మధ్యకి తెచ్చాం. అదే ముఖానికి ఇప్పుడు సగం జూమ్ చాలు, చుక్కలు కళ్లకు కనిపించేంతగా తగ్గాయి. ముందువాళ్ల తలలు అడ్డం రాకుండా ట్రైపాడ్‌ని ఎత్తు లేపాల్సి వచ్చింది. వెనక కూర్చునేవాళ్లు గొణిగారు, అది బృందం సర్దుకోవలసిన విషయం.

ఒక్క చీకటి సన్నివేశం మాత్రం ఎన్ని చేసినా లొంగలేదు. లాంతరు వెలుతురులో ఇద్దరు మాట్లాడుకునే సన్నివేశం. ఫోన్ కొంత నయంగా తీసిందే కానీ దగ్గరి ముఖం దానివల్ల కాదు. లైట్లు కాస్త పెంచమని అడిగాను. "జనం ముందు ఆడేటప్పుడు ఆ సీన్ మీద చెయ్యి వెయ్యనివ్వను" అన్నారు దర్శకురాలు. న్యాయమే. చివరికి వేషాలతో ఆడే ఆఖరి రిహార్సల్‌లో ఆ సన్నివేశానికి మాత్రం పక్కనుంచి మెత్తటి నీలి వెలుతురు ఒకటి వేసి తీశాం. దాచుకునే కాపీలో ఆ ముక్క ఆ రిహార్సల్‌దే.

లైట్ల విషయంలో ఇంకొక హెచ్చరిక. కరెంటు ఫ్రీక్వెన్సీ కొన్ని దేశాల్లో 50 హెర్ట్జ్, కొన్నింటిలో 60. చవక క్యామ్‌కార్డర్లు తరచు ఒకే పద్ధతికి కట్టుబడి వస్తాయి: సెకనుకి 25/50 ఫ్రేములు లేదా 30/60 ఫ్రేములు. 60 ఫ్రేముల కెమెరాని 50 హెర్ట్జ్ లైట్ల కింద పెడితే తెర మీద పట్టీలు పాకుతుంటాయి. వేరే ప్రాంతం కోసం తయారైన కెమెరా చవగ్గా దొరికిందని తెచ్చుకున్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

ఫోకస్: అందరూ చెప్పేది సగమే నిజం

చిన్న సెన్సర్‌లో అన్నీ ఫోకస్‌లోనే ఉంటాయని అంటారు. వైడ్‌లో నిజమే. 1.9 మిల్లీమీటర్ల లెన్స్, ఎఫ్/1.8, ఈ సైజు సెన్సర్‌కి లెక్క వేస్తే మీటరు దూరంలో ఫోకస్ పెట్టినా అర మీటరు నుంచి అనంతం దాకా స్పష్టంగానే ఉంటుంది. కొత్త ఆపరేటర్‌కి ఇంతకన్నా వరం లేదు. నేపథ్యం మసకబారిన అందమైన బొమ్మ కావాలనుకునేవాళ్లకి మాత్రం ఇదే శాపం.

జూమ్ చేస్తే లెక్క తలకిందులు. పది రెట్ల జూమ్‌లో, 15 మీటర్ల దూరంలో ఫోకస్ పెడితే సుమారు 12 నుంచి 20 మీటర్ల మధ్య ఉన్నది స్పష్టంగా ఉంటుంది. వేదిక లోతుకి అది సరిపోతుంది. 30 రెట్లలో అదే దూరానికి అటూ ఇటూ అర మీటరు చిల్లరే. నటి రెండడుగులు ముందుకి వేస్తే చాలు, పోయింది. ఆటో ఫోకస్ కాంట్రాస్ట్ చూసి వెతుక్కునే రకం. లైట్లు ఆరి వెలిగే చోట అది ముందుకీ వెనక్కీ ఊగుతుంది, ఆ ఊపు రికార్డవుతుంది.

అందుకని నియమం పెట్టాం: పది రెట్లు దాటకూడదు. వేదిక మధ్యలో ఒకరిని నిలబెట్టి, పది రెట్ల దగ్గర ఆటో ఫోకస్ కుదురుకున్నాక మాన్యువల్‌కి మార్చి వదిలేయాలి. ఒకే ముఖం నిండుగా కావాలంటే పది రెట్ల ఫ్రేముని ఎడిటింగ్‌లో కొద్దిగా దగ్గరికి లాగుతాం. పదును కొంత పోతుంది, ఊగే ఫోకస్ కన్నా నయం. 2.7 అంగుళాల స్క్రీన్ చూసి ఫోకస్ కుదిరిందని తేల్చడం అసాధ్యం. ఆట మొదలయ్యే ముందు హెచ్‌డీఎంఐ తీగతో ఏదైనా టీవీకి కలిపి ఒకసారి చూసుకోమన్నాను.

ధ్వని

ఇదే అసలు జబ్బు. బొమ్మ కాస్త అటూ ఇటూ ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే లేచిపోతారు.

కెమెరాలో ఉన్న రెండు చిన్న మైకులు స్టీరియో రికార్డు చేస్తాయి. పక్కన కూర్చున్నవాళ్ల దగ్గు, జూమ్ మోటారు గురగుర, ఆపరేటర్ వేళ్ల రాపిడి అన్నీ బాగా వస్తాయి. వేదిక మీది మాట మాత్రం రాదు. నటుడి నోటికి మీటరు దూరంలో ఉండే మైకుతో పోలిస్తే 15 మీటర్ల దూరంలోని మైకుకి చేరే నేరు ధ్వని శక్తి 225వ వంతు, డెసిబెల్స్‌లో 23కి పైగా తక్కువ. మిగిలేది గోడల ప్రతిధ్వని.

దీని మీద ఆటోమేటిక్ గెయిన్ ఒకటి. నటుడు గుసగుసగా మాట్లాడితే కెమెరా ధ్వనిని పెంచుతుంది, హాల్లోని ఫ్యాన్ల హోరు లేస్తుంది. ప్రేక్షకులు చప్పట్లు కొడితే ఒక్కసారిగా తగ్గించేస్తుంది, తిరిగి కోలుకునేలోపు తర్వాతి డైలాగు మొదటి ముక్క పోతుంది. హాస్య సన్నివేశంలో ఇది ఘోరం. నవ్వు తర్వాతి మాటే కదా అందులో ప్రాణం. ఈ కెమెరాలో లెవెల్‌ని చేత్తో బిగించే వీలు కూడా లేదు.

మైక్ జాక్ ఉన్న మోడల్ కొనుంటే సరిపోయేదా? కొంతవరకు. కానన్ లెగ్రియా హెచ్‌ఎఫ్ ఆర్ వరసలోని ఆర్806 లాంటి వాటికి చవక తరగతిలోనే మైక్, హెడ్‌ఫోన్ జాకులు రెండూ ఉన్నాయి. ఇంకా కొననివాళ్లకి నా మాట అదే: జూమ్ అంకె కన్నా ముందు జాక్ ఉందా అని చూడండి. కానీ హాలు మధ్యలో ఉన్న కెమెరాకి మైక్ తగిలించినా మైక్ హాలు మధ్యలోనే ఉంటుంది. వేదిక దాకా తీగ లాగడమో, వైర్‌లెస్ పెట్టడమో చేయాలి.

బృందం దగ్గర ఒక చిన్న వాయిస్ రికార్డరు ఉంది, డబ్ల్యూఏవీ ఫైలుగా రికార్డు చేసేది. దాన్ని వేదిక ముందంచున, మెత్తటి గుడ్డ మడత మీద పెట్టాం, చెక్క మీద అడుగుల దబదబ ఎక్కకుండా. లెవెల్ మాన్యువల్, నాటకంలో అన్నిటికన్నా గట్టి అరుపుకి కూడా పైన కొంత ఖాళీ మిగిలేలా. అడుగు హోరుని కోసేసే లో కట్ ఆన్. మొదలుపెట్టేటప్పుడు వేదిక మీద ఒకరు గట్టిగా ఒక చప్పట్టు కొట్టాలి, కెమెరాకి కనపడేలా.

జోడించేటప్పుడు రెండు చిక్కులున్నాయి. మొదటిది దూరం. ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. 15 మీటర్లు దాటడానికి 44 మిల్లీసెకన్లు, 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము పైమాట. కెమెరాలో రికార్డయిన ధ్వని బొమ్మకన్నా అప్పటికే ఆ మేరకు వెనకబడి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌తో రెండు ధ్వనుల అలల్ని చూసి కలిపితే రికార్డరు ధ్వని కూడా ఆ ఆలస్యాన్నే తెచ్చుకుంటుంది. కలిపాక రికార్డరు ట్రాక్‌ని ఒక ఫ్రేము ముందే వినపడేలా జరపాలి. లేదా బొమ్మలో అరచేతులు తగిలిన ఫ్రేము చూసి చేత్తోనే కలపాలి. నాకు రెండోదే ఇష్టం.

రెండోది గడియారాలు. కెమెరాకీ రికార్డరుకీ వేరువేరు క్రిస్టల్ గడియారాలు. పది లక్షలకి 20 పాళ్ల తేడా ఉన్నా గంటకి 72 మిల్లీసెకన్లు, రెండు గంటలకి దాని రెట్టింపు. పెదవుల కన్నా ధ్వని ముందొస్తే 45 మిల్లీసెకన్ల దగ్గర, వెనకబడితే 125 దగ్గర మనిషి గుర్తుపట్టడం మొదలవుతుందని ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం) ప్రమాణం. కాబట్టి రెండు గంటలు ఒకే తాడుగా వదిలేయకూడదు. దృశ్యాల మధ్య లైట్లు ఆరే చోట ట్రాక్‌ని కోసి మళ్లీ కలిపితే సరిపోతుంది. విరామం తర్వాత ఇంకో చప్పట్టు ఎలాగూ ఉంటుంది.

ఈ ఒక్క మార్పుతో దర్శకురాలి అభిప్రాయం మారింది. బొమ్మ ఇంకా సాదాసీదాగానే ఉంది, కానీ రెండోసారి రికార్డింగ్ చూసి ఆవిడ మొదట అన్నది బొమ్మ గురించే: "ఇప్పుడు బాగా కనపడుతోంది!" ధ్వని బాగుపడితే బొమ్మ బాగున్నట్టు అనిపించడం ఈ వృత్తిలో కొత్తేమీ కాదు.

కార్డు, ఫైళ్లు, కరెంటు

ఈ కెమెరా రెండు రకాలుగా రికార్డు చేస్తుంది. ఒకటి ఏవీసీహెచ్‌డీ, 2006లో సోనీ, పానాసోనిక్ కలిసి తెచ్చిన పద్ధతి. 2011లో దాని రెండో వెర్షన్‌తో సెకనుకి 50 లేదా 60 పూర్తి ఫ్రేములు, 28 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) దాకా వచ్చాయి. రెండోది 50 ఎంబీపీఎస్ ఎంపీ4 తరహా. 64 జీబీ కార్డులో మొదటిది సుమారు ఐదు గంటలు, రెండోది రెండు గంటల ముప్పావు పడుతుంది. చీకటి సన్నివేశాల్లో గళ్లు తగ్గుతాయని 50 ఎంబీపీఎస్ ఎంచుకున్నాం. నాటకానికి అది సరిపోతుంది, కార్డు ముందే ఖాళీ చేసి కెమెరాలోనే ఫార్మాట్ చేస్తే.

ఏవీసీహెచ్‌డీ వాడేవాళ్లకి ఒక మాట. ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పాత కార్డుల్లో ఫైలు 4 జీబీ దాటదు. 28 ఎంబీపీఎస్‌లో అది సుమారు ఇరవై నిమిషాలే. కెమెరా తనంతట తానే కొత్త ఫైలు మొదలుపెడుతుంది, ఏమీ పోదు. కానీ ఎంటీఎస్ ఫైళ్లని (ఆ వీడియో ముక్కల్ని) ఒక్కొక్కటే లాగి కంప్యూటర్‌లో వేసుకుంటే అతుకు దగ్గర ధ్వని చిటుక్కుమనవచ్చు. కార్డులోని ఫోల్డరు మొత్తాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఆ ఫోల్డరునే చూపించాలి. 1080ఐ అని ఉన్న సెట్టింగ్‌ని ముట్టుకోవద్దు, అది ఫ్రేముని గీత విడిచి గీతగా రెండు సగాలుగా తీస్తుంది. కంప్యూటర్ తెర మీద కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్లలా చీలతాయి.

బ్యాటరీ గంట దాటిందంటే సంతోషమే. విరామంలో మార్చాలి, లేదా రికార్డు చేస్తూ యూఎస్‌బీ నుంచి కరెంటు తీసుకునే మోడలో కాదో చూసుకోవాలి. కొన్ని ఆఫ్‌లో ఉన్నప్పుడు మాత్రమే చార్జ్ అవుతాయి.

చెయ్యి, ట్రైపాడ్

రెండు వందల గ్రాముల వస్తువుని చేత్తో పట్టుకుని పది రెట్ల జూమ్ చేస్తే గుండె కొట్టుకోవడం కూడా తెర మీద కనపడుతుంది. ఈ ధరలో వణుకుని సర్దే స్టెబిలైజేషన్ కొన్నింటిలో ఎలక్ట్రానిక్, కొన్నింటిలో ఆప్టికల్. పానాసోనిక్ హెచ్‌సీ-వీ180 లాంటి వాటిలో రెండూ కలిసిన ఐదు అక్షాల పద్ధతి, 50 రెట్ల ఆప్టికల్ జూమ్ ఉన్నాయి. నడుస్తూ వైడ్‌లో తీసేవాళ్లకి ఆ తేడా విలువైనదే. ట్రైపాడ్ మీద మాత్రం స్టెబిలైజేషన్ ఆపేయాలి. ఆపకపోతే కెమెరాని పక్కకి తిప్పి ఆపినా బొమ్మ ఇంకాస్త జారి ఆగుతుంది.

బరువు తక్కువ కాబట్టి ఏ ట్రైపాడ్ అయినా చాలనుకుంటారు. నిలబడటానికి చాలు, తిప్పడానికి చాలదు. చవక ట్రైపాడ్ తల పట్టుకుని పట్టుకుని ఒక్కసారి వదిలేస్తుంది. కెమెరాకి బరువు లేదు కాబట్టి ఆ కుదుపుని ఆపేది ఏదీ లేదు. బృందం ఖర్చు పెట్టిన ఒకే ఒక్క కొత్త వస్తువు నున్నగా తిరిగే ఫ్లూయిడ్ హెడ్ ఉన్న ట్రైపాడ్. కెమెరా మార్చడం కన్నా అది చాలా తక్కువలో అయిపోయింది. దానితోపాటు తిప్పడం మీద కూడా కట్టడి పెట్టాను: వేగంగా తిప్పితే సీమాస్ సెన్సర్ వరసలు వరసలుగా చదవడం వల్ల నిలువు స్తంభాలు పక్కకి ఒరిగినట్టు వస్తాయి. జూమ్ మీట చిన్నది, సున్నితంగా నొక్కినా ఒక్కసారి దూకుతుంది, కాబట్టి సంభాషణ నడుస్తుండగా జూమ్ కదపకూడదు. సన్నివేశం మారేటప్పుడు కదపాలి.

ఇప్పుడెలా నడుస్తోంది

ఆపరేటర్ ఎవరైనా సరే చూసుకునేలా సెట్టింగులు ఒక కాగితం మీద రాసి ట్రైపాడ్ కాలికి కట్టారు. ఈ తరగతి కెమెరాకి ఇదొక లాభం: మార్చగలిగినవి కొన్నే కాబట్టి కాగితం చిన్నది. స్క్రీన్ తెరిస్తే ఆన్ అవుతుంది, బటన్ నొక్కితే రికార్డవుతుంది. పెద్ద కెమెరా ఇచ్చుంటే రోజుకొకరు మారే ఈ బృందంలో ప్రతి ప్రదర్శనకీ ఒక కొత్త తప్పు దొర్లేది.

వేదిక మొత్తం కనపడే వైడ్ షాట్‌కి పక్కన ఒక ఫోన్ పెడుతున్నారు, క్యామ్‌కార్డర్ దగ్గరి షాట్లు తీస్తుంది. ఫోన్ ఆగిపోయినా, వేడెక్కినా నష్టం లేదు. అది అదనం. రెండింటి రంగులు కలవవు. దర్శకురాలికి అది పట్టింపు లేదు కాబట్టి నేనూ వదిలేశాను.

మొన్న ఇంకో కోరిక వచ్చింది: ప్రదర్శనని ఇదే కెమెరాతో లైవ్ ఇవ్వొచ్చా అని. ఒప్పుకోలేదు. ఈ కెమెరా యూఎస్‌బీ మీద వెబ్‌క్యామ్‌లా పనిచేయదు. హెచ్‌డీఎంఐ నుంచి తీయాలంటే వేరే క్యాప్చర్ పరికరం కావాలి. ఆ సాకెట్ మైక్రో సైజుది, రెండు గంటల పాటు తీగ వేలాడితే ఎక్కడ వదులవుతుందో చెప్పలేం. పైగా రికార్డరు ధ్వనిని తర్వాత జోడించే మన పద్ధతి లైవ్‌లో కుదరదు, కెమెరా మైకుల ధ్వనే వెళ్తుంది. ఆ పనికి మైక్ జాక్, పెద్ద హెచ్‌డీఎంఐ సాకెట్ ఉన్న కెమెరాని ఆ రోజుకి అద్దెకి తెచ్చుకోమన్నాను.